నిలిచిన నీళ్లు

పైడిరాజుకి పెద్ద చిక్కే వచ్చిపడింది. తన లెక్క ఒప్పయితే గురువుగారి లెక్క తప్పు. తన లెక్క ఒప్పేనని అతనికి రవ్వంత అనుమానం కూడా లేదు.

భ్రమరాంబ మేడం ప్రయోగశాలలో అతను చేస్తున్న పని చెప్పుకోడానికి చిన్నదే. ఓ అద్దాల పెట్టె. అందులో నిండా నీళ్లు. అడుగున రాగి పలక వేడెక్కుతుంది, పైన ఇంకో రాగి పలక చల్లగా ఉంటుంది. కింద కాగిన నీళ్లు పైకి లేస్తాయి, పైన చల్లారినవి కిందికి దిగుతాయి. ఆ తిరుగుడులో నీళ్ల గుండా ఎంత వేడి పైకి చేరుతోందో కొలవాలి. మేడం వయసులో ఉండగా కొలిచిన అంకెనే ఇవాళ్టికీ అందరూ వాడుతున్నారు. పైడిరాజుకి అంతకంటే బాగా ఎక్కువ వచ్చింది.

ఇంకేం, వ్యాసం రాసేశాడు. పంపేముందు చెప్పకపోతే బాగుండదని పొద్దున్నే ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మేడం, ఏమీ అనుకోకండి. మీ అంకె తక్కువండి."

"అనుకోడానికేముంది? తక్కువైతే తక్కువే," అందావిడ. "వేడి ఎంతని ఎలా పట్టుకున్నావు?"

"పలకకి ఎంత కరెంటు ఇస్తున్నానో మీటరు చూపిస్తుంది కదండీ. ఇచ్చిందంతా నీళ్లలోంచి పైకి పోవాల్సిందే."

తెలివైన కుర్రాడే. ఆ ధీమా కూడా ఆవిడ నేర్పిందే.

మేడం లేచి, కొంగు నడుముకి దోపుకుని పెట్టె దగ్గరికెళ్లింది. "ఓ చెయ్యి వెయ్యి," అంది. ఇద్దరూ కలిసి, గట్టిగా బిగించి ఉన్న ఆ పెట్టెని ఎత్తి తలకిందులుగా పెట్టారు.

"అయ్యయ్యో! వేడి పలక పైకొచ్చేసిందండీ!"

"రానీ. పలకల మధ్య వేడిలో తేడా మాత్రం ఇందాక ఎంతో ఇప్పుడూ అంతే ఉంచు."

పైడిరాజుకి ఒళ్లు మండింది. రేపోమాపో పేరొచ్చే పని పట్టుకుని ఇదేం ఆట? వేడి నీళ్లు పైనే కూర్చుంటే ఇక దిగేదేముంది, తిరిగేదేముంది? అయినా కాదనలేక మీటలు సర్దాడు.

మధ్యాహ్నం దాటింది. తిరుగుడు కనబడాలని నీళ్లలో కలిపిన మెరుపు పొడి ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఇప్పుడెంత వేడి పోవాలి?" అడిగింది మేడం.

"నీళ్లు కదలట్లేదు కదండీ. ఒక పొర నుంచి ఇంకో పొరకి పాకడమే. చాలా కొద్ది. ఎంతో పుస్తకాల్లోనే ఉంది," అంటూ మీటరు చూశాడు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పుస్తకంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతోంది పలక.

మెల్లిగా చెయ్యి చాపి, వేడి బయటికి పోకుండా పలక వెనక కట్టిన దూది మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా తగిలింది. తను కొత్తగా కనిపెట్టానని మురిసిపోయిందంతా ఆ దూదిలోంచి గదిలోకి పోతోంది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"అయితే నాదే తప్పాండీ?"

"అది నాకూ తెలీదు, నీకూ తెలీదు," అంది మేడం కొంగు దులుపుకుంటూ. "ముందు ఇలా నిలిచిన నీళ్లతో కొలిచి, పుస్తకంలో ఉన్నది పోగా మిగిలిన ఆ దూది వాటాని నీ అంకెలోంచి తీసెయ్యి నాయనా. అప్పటికీ నా అంకే తక్కువని తేలితే, భ్రమరాంబది తప్పని మొదటి వాక్యంలోనే రాయి."