కానుగ నీడ కరువైన కుందేలు

గుండ్లవాగు అడవిలో కోర్టు అంటే ఏనుగు దొరగారే. మద్దిచెట్ల మధ్య నిలబడి, చెవులు విసురుకుంటూ రెండు పక్షాలనూ అడిగేవాడు. ఎవరి మాట గట్టిగా వినబడితే తీర్పు వాళ్లది. మరి చిన్న ప్రాణులకు దొర ముందు నోరు పెగులుతుందా? కాళ్లే నిలవవు! అందుకని వాళ్ల తరఫున మాట్లాడటానికి ఒక వకీలు పుట్టాడు. అతనే ఉడుము బసవయ్య.

బసవయ్య మాటకారేం కాదు. కానీ ఉడుంపట్టు సంగతి వేరే చెప్పాలా? కేసు పట్టాడంటే తోక తెగినా వదలడు. వాగు గట్టున కానుగచెట్టు కింద కచేరీ పెట్టుకుని కూర్చునేవాడు. ఆ నీడ ఎంత చల్లనో, ఎండనపడి వచ్చి కూర్చున్నవాడికే తెలుస్తుంది.

మొట్టమొదట ఆ నీడకు వచ్చింది ఓ ముసలి కుందేలు. గడ్డిదిబ్బ మీద ఆవిడ బొరియలో ముళ్లపంది తిష్ఠ వేసుకు కూర్చుంది. వకీలు దగ్గర దాపరికం ఏమిటని, ఆపదలో పారిపోయే దొంగదారి కూడా చూపించేసింది. బసవయ్య గెలిపించాడు. ఆవిడ నాలుగు రేగుపళ్లు తెచ్చి ముందు పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఊరుకో అక్కా. నీ గుట్టు నా కడుపులో ఉంది. ఈ నీడన కూర్చుని కష్టం చెప్పుకున్నవాళ్ల మీద ఈ కచేరీ ఎన్నటికీ నోరెత్తదు. చిన్న కష్టమైనా సరే, పెద్ద కష్టమైనా సరే" అన్నాడు బసవయ్య.

మంచి మాటకు కాళ్లుంటాయి. అది అడవంతా తిరిగింది. దాని వాసన పట్టుకుని నక్క నాగభూషణం దిగాడు.

"బాబాయ్! ఇంత పేరు పెట్టుకుని ఒక్క చెట్టు కిందే కూర్చుంటావేం? వాగవతలివాళ్లు ఏం పాపం చేశారు?"

"నేనొక్కణ్ణే కదా నాయనా."

"నేను లేనూ? ఈ కానుగ కొమ్మ ఒకటి విరిచి అక్కడ నాటుతా. పేరు నీది, తిరుగుడు నాది."

కొమ్మ నాటారు. బతికింది. తర్వాత కొండ మీద ఒకటి, వెదురుపొదల దగ్గర ఒకటి. ఒంటికాలి మీద నిలబడి సొంతంగా వకాలత్తు చేసుకునే కొంగను కలుపుకున్నారు. ముంగిసను కలుపుకున్నారు. గుడ్లగూబ తనే వచ్చి కలిసింది. చేరినవాళ్ల పేర్లన్నీ ప్రతి కానుగ బెరడు మీదా చెక్కేవారు. ఆ కచేరీ పేరు పూర్తిగా పలకాలంటే చిలకలకు కూడా మధ్యలో ఓసారి ఊపిరి తీసుకోవలసి వచ్చేది! అన్నిటికన్నా పైన బసవయ్య పేరు. పొద్దున్నే లేచి తలెత్తి ఓసారి చూసుకునేవాడు పాపం. తప్పేముంది లెండి, ఎవరి పేరు వాళ్లకు ముద్దు.

పేరు చూసుకునేవాడు గానీ, కొమ్మలు విరిచి విరిచి పాతచెట్టు ఒక పక్క బోడి అయిపోవడం చూసుకోలేదు.

ఒకనాడు అడవిపంది వరహాలయ్య చెదల ముద్ద కానుకగా పట్టుకొచ్చి వంగి దండం పెట్టాడు.

"అయ్యగారూ, నా బురదగుంటలో ఓ కప్ప దూరి ఒకటే బెకబెక. కునుకు పడటం లేదు."

బసవయ్యకు నవ్వొచ్చింది. "కప్ప మీద దావాకు ఇంత దూరమా? మీ వైపు మా నాగభూషణం ఉన్నాడుగా!"

"కొమ్మలకు చెప్పుకుంటే ఏం తృప్తండీ? మొదలు మీరు. మీ నీడన కూర్చుని చెప్పుకుంటే అదో బలం."

పొగడ్త తేనెకన్నా త్వరగా దిగుతుంది. బసవయ్య కూర్చోబెట్టి కప్ప గొడవంతా తలూపుతూ విన్నాడు. ఈ ఉపాయం వరహాలయ్యకు ఎవరు చెప్పారంటారా? చెట్టు వెనకనుంచి ఓ కుచ్చుతోక ఊగుతూనే ఉంది. పందుల మంద గొడవలన్నీ ఇక కానుగ కచేరీకే అని నక్కకూ పందికీ మధ్య అప్పటికే మాటైపోయింది మరి.

నాలుగు వారాలు తిరక్కుండానే ముసలి కుందేలు కూతురు చిట్టెమ్మ రొప్పుతూ వచ్చి పడింది.

"మావయ్యా! వరహాలయ్య మంద గడ్డల కోసం మా దిబ్బంతా పెళ్లగిస్తోంది. దిబ్బ తనదేనంటున్నాడు. రేపే దొర ముందు వాయిదా. పిల్లలకింకా బొచ్చయినా రాలేదు. వాళ్లనెక్కడికి మొయ్యను?"

"ఏడవకమ్మా. మీ అమ్మకు మాటిచ్చినవాణ్ణి. నేనొస్తున్నా" అని బసవయ్య లేచాడు.

నక్క దగ్గింది. "ఎవరి మీద బాబాయ్? వరహాలయ్య నీ నీడనే కూర్చుని కష్టం చెప్పుకున్నాడుగా."

"కప్ప గొడవ! అదీ ఒక కష్టమేనట్రా?"

"చిన్నదైనా సరే అన్నది నువ్వేగా. భయపడకు, చిట్టెమ్మ మీద కూడా మనం నోరెత్తం. ఇటూ రాం, అటూ రాం."

"వాడికి వకీలెందుకురా? వాడి గొంతే చాలు! పోనీ, పిల్లను వేరే వకీలు దగ్గరికి పంపుతా."

"ఏ వకీలు బాబాయ్? అందర్నీ మనమే కలుపుకున్నాంగా."

బసవయ్యకు అప్పుడర్థమైంది. కానియ్, మాట పోతే పోయిందని అడుగు ముందుకేశాడు. నీడన కూర్చున్న ఉడుత ఎదురొచ్చింది.

"బాబాయ్‌గారూ... ఆ మాట మీదేగా మేమూ మా గుట్టు చెప్పుకున్నాం?"

పక్కనున్న గువ్వలు కూడా అలాగే చూశాయి. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

మర్నాడు ఏనుగు దొర "కుందేలు తరఫున ఎవరు?" అని అడిగాడు. కొంగ కళ్లు మూసుకుంది. ముంగిస నేల చూసింది. బసవయ్య ఓ పక్కన రాతిని కరుచుకుని పడున్నాడు. చిట్టెమ్మే లేచి నిలబడింది. పెదవులు కదిలాయి.

"గట్టిగా చెప్పమ్మా, వినబడటం లేదు" అన్నాడు దొర. వరహాలయ్య ఒక్క రంకె వేశాడు. అది వినబడింది. దిబ్బ పందులదైపోయింది.

మిట్టమధ్యాహ్నం చిట్టెమ్మ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని మోసుకుపోతూ, పాత కానుగ దగ్గర నోట్లోని పిల్లను దించి క్షణం ఆగింది. ఆగింది బోడిపక్కన. నెత్తిన నిప్పులాంటి ఎండ.

"ఇటు రా తల్లీ, ఇటు నీడుంది" అన్నాడు బసవయ్య.

"వద్దు మావయ్యా. అక్కడ కూర్చుంటే నువ్వు మళ్లీ మాట ఇవ్వాల్సొస్తుంది."

పిల్లను నోట కరుచుకుని రాళ్లవైపు సాగిపోయింది. బసవయ్య చెట్టెక్కి తన పేరును గోళ్లతో గీకడం మొదలుపెట్టాడు.

"ఎందుకు బాబాయ్ శ్రమ? ఆ పేరు అన్ని చెట్ల మీదా ఉంది" అన్నాడు నక్క నాగభూషణం కిందనుంచి. కొత్త చెట్టు కోసం మరో కొమ్మ విరుచుకుని వెళ్లిపోయాడు.

అందరికీ వకీలైనవాడు, అయినవాళ్ల అక్కరకు రాడు.