కలకండ రవ్వ

తాను కలిపిన మందు జేజికి ఎందుకు పనిచేయడం లేదో మస్తానుకు అంతుపట్టలేదు.

జేజి కాశింబీ దూదేకుల మనిషి. చిన్ననాటి నుంచీ పత్తి ఏకి ఏకి, ఆ నూగంతా రొమ్ములోకి పోయి, ఇప్పుడు నాలుగు మాటలు ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతోంది. పడుకుంటే ఆయాసం, అందుకని కూర్చునే నిద్రపోతుంది. తల్లీతండ్రీ లేని మనవడు మస్తానును పెంచింది ఆమే. ఈ చలికాలం దాటుతుందా అని అతనికి లోలోపల దిగులు.

మస్తాను గురువు నూరుల్లా షా. కర్నూలు దగ్గర ఒక ఖాన్‌ఖాలో, అంటే ఫకీర్ల మఠంలో, ఉండే సూఫీ. వైద్యమూ తెలుసు. ఆయాసానికి ఆయన ఇచ్చే మందు గొట్టంలో పోసి పీల్చేది. అది దుమ్ముకన్నా మెత్తన. ఒంటిగా పోస్తే ఉండకట్టి గొట్టానికే అంటుకుంటుంది. అందుకని కలకండ రవ్వకు పట్టించి ఇస్తాడు. రవ్వ నోట్లోనే ఆగిపోవాలి, మందు దాన్ని విడిచి రొమ్ములోకి పోవాలి.

జేజి మందు తానే కలుపుతానని మస్తాను పట్టుబట్టాడు. గురువు వాడే రవ్వ నున్నగా ఉంటుంది. దాని మీద మందు నిలుస్తుందా అని ఇతనికి అనుమానం. కలకండను రోట్లో దంచి, గరుకుగా గుంటలు గుంటలుగా ఉన్న రవ్వే ఏరి మందు పట్టించాడు.

"చూడండి హజ్రత్, ఎంత కుదిపినా ఒక్క నలుసు రాలడం లే."

మనిషికి గర్వం ఎక్కడి నుంచైనా రావచ్చు. ఇతనికి రోట్లోంచి వచ్చింది.

"బాగా పట్టుకున్యాది" అన్నాడు గురువు. అంతే.

జేజి పీల్చి ముఖం చిట్లించింది.

"చేదు... నాలిక మీదనే... ఉండాదిరా."

ఆయాసం తగ్గలేదు. మస్తాను మందు ఇంకాస్త పెంచి మళ్ళీ కలిపాడు. చేదు పెరిగింది, ఆయాసం అలాగే ఉంది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మందులో బలం పోయిందా హజ్రత్?"

గురువు గొట్టం అందుకుని పక్కన పెట్టాడు. "జేజిని లోపలికి పంపించి రా. మా ఆడోళ్ళు కాపడం పెడతారు" అన్నాడు.

వెనకవైపు ఆడవాళ్ళ ఇల్లు, గుమ్మానికి పరదా. పరాయి మగవాళ్ళకు అక్కడే ఆఖరు. మస్తాను జేజి చెయ్యి పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా నడిపించాడు. పరదా సందులోంచి గురువు భార్య బీబమ్మ చెయ్యి చాచింది.

మస్తాను వదల్లేదు. లోపల మెట్టుంది జాగ్రత్త అన్నాడు. కాళ్ళు తడబడతాయేమో అన్నాడు. కాసిని నీళ్ళు తాగి పొమ్మన్నాడు. లోపలి నుంచి బీబమ్మ, బయటి నుంచి మనవడు. పాపం జేజి ఒక కాలు గడప అవతల పెట్టి రొప్పుతూ నిలబడింది.

గురువు వచ్చి, జేజి మణికట్టు చుట్టూ బిగుసుకున్న మస్తాను వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు.

"వదులు బేటా. ఆమె లోపలికి పోవల్ల."

జేజి లోపలికి పోయింది. పరదా పడింది. మస్తాను తన వట్టి చేతిని చూసుకున్నాడు. తర్వాత తిన్నగా మందుల గదికి వెళ్ళాడు.

బాగా పిండిన తడిగుడ్డ మీద కొత్త రవ్వ పోసి దొర్లించాడు. కొసలు కరిగి, గుంటలు తీరి, నున్నగా అయ్యేదాకా దొర్లించి ఆరబెట్టాడు. అప్పుడు మందు పట్టించాడు. కుదిపి చూస్తే ఈసారి నలుసులు రాలాయి. గురువు పక్కన కూర్చుని చూశాడు. ఆయనకు ఆ పిల్లవాడంటే ప్రాణం. "నీ ప్రేమకేం తక్కువ లేదురా" అని తల నిమిరాడు.

మర్నాడు పొద్దున గొట్టాన్ని పరదా సందులోంచి లోపలికి అందించి, ఇద్దరూ బయట అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి జేజి గొంతు వినిపించింది.

"ఒరే మస్తానూ, నిన్న నా చెయ్యి అట్ట బిగబట్టుకుంటివే, ఈడ చూడు ఎట్ట కమిలిపోయిందో, నేనేమన్నా పారిపోతానా, బీబమ్మ ముందర నా పరువు తీస్తివి, రాత్రి కూడు తిన్యావా లేక ఆ రోటి ముందరే కూచుంటివా..."

మస్తాను బదులు చెప్పబోయాడు. గురువు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరికే విను బేటా. నడుమ యాడా ఆగడం లే."