పొట్టికుందేలు పేరున్న రాయసగాడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులని అప్పుడే వేళ్ళు మడుస్తున్నారు కదూ? ఏడుగురు కాదు, ఇద్దరే. వాళ్ళ తర్వాత ఒక కూతురు. పేర్లు నేనే చెప్తాను, మధ్యలో అడ్డు రాకండి. రాజు ఉదయకేతుడు. పెద్దకొడుకు జయసేనుడు, రెండోవాడు శూరసేనుడు, కూతురు సౌగంధి.

ఆ రాజుకి ఆరేళ్ళుగా కళ్ళు కనపడవు. కూతురు ఎంత ఎత్తు పెరిగిందో చేత్తో తడిమి చూసుకునేవాడు పాపం. మరి కళ్ళు లేని రాజు రాజ్యం ఎలా ఏలాడంటారా? ఆయన కొలువులో ఒక రాయసగాడున్నాడు. అంటే రాజుగారి ఉత్తరాలూ శాసనాలూ రాసేవాడన్నమాట. ఎవరు ఏ రాత తెచ్చినా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సభలో బిగ్గరగా చదివేవాడు. రాజు చెవులారా విని, అప్పుడు ముద్ర వేసేవాడు. వినకుండా ముద్ర పడకూడదు, అదీ ఆ కొలువులో కట్టడి.

ఆ రాయసగాడి పేరు షాఫాను. ఇదేం పేరని మూతి తిప్పకండి. వాళ్ళ తాతగారు ఎక్కడో హెబ్రీ భాష మాట్లాడే దేశం నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆ భాషలో షాఫాను అంటే పొట్టికుందేలు. పేరుకి కుందేలే గాని అసలు కుందేలు కాదది. చెవులు పొట్టి, తోక అసలే లేదు. మన వైపు కనపడదు. కోరలు లేవు, కొమ్ములు లేవు, బలం అంతకంటే లేదు. కానీ ఎంత తెలివిగలదో! మట్టిలో బొరియ తవ్వుకోదు, బండరాళ్ళ సందుల్లో కాపురం పెడుతుంది. అన్నీ మేస్తుంటే ఒకటి బండెక్కి కాపలా కూర్చుంటుంది. డేగ నీడ పడిందా, కీచుమని అరుస్తుంది. మరుక్షణం అన్నీ రాతి సందుల్లో ఉంటాయి. ఇక ఆ డేగ ముక్కు అరగదీసుకోవలసిందే.

సభలో వాళ్ళకి ఇదంతా ఎందుకు పడుతుంది? పేరుకి అర్థం తెలిసిన రోజు నుంచి "ఏం పొట్టికుందేలుగారూ, గడ్డి తిన్నారా?" అని ఒకటే వేళాకోళం. షాఫాను కూడా మనిషి పొట్టే. నవ్వేసి ఊరుకునేవాడు. పని మాత్రం ఒక్క అక్షరం వదిలేవాడు కాదు.

ఇలా ఉండగా ఒకరోజు పొగలాంటి జుట్టున్న వైద్యుడొకడు వచ్చాడు. ఏదో ఆకు నలిపి రాజుగారి కళ్ళలో పసరు పిండాడు. మూడు చుక్కలు, అంతే! రాజుకి వెలుగు కనపడింది, రంగులు కనపడ్డాయి, ఎదురుగా సౌగంధి మొహం కనపడింది.

"నా తల్లే! ఇంత పెద్దదానివైపోయావా!" అని రాజు కూతుర్ని పట్టుకుని బావురుమన్నాడు. ఏడవడా మరి!

వైద్యుడు నెమ్మదిగా ఒక తాటాకుల కట్ట ముందు పెట్టాడు. "మహారాజా, నాకు డబ్బూ వద్దు, దస్కమూ వద్దు. ఈ చిన్న రాత మీద తమ ముద్ర వేయించండి చాలు" అన్నాడు.

షాఫాను కట్ట అందుకోబోయాడు. రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంకా నీ చదువెందుకయ్యా? నాకు కళ్ళొచ్చాయిగా!" అన్నాడు. పై ఆకు చూశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎంత ముచ్చటగా ఉన్నాయో అని మురిసిపోయాడు.

"మహాప్రభూ, మన కట్టడి..." అని షాఫాను నసిగాడు.

"అబ్బబ్బ, నువ్వూ నీ కట్టడీ!"

షాఫాను నోరు మూసుకున్నాడు. ముద్ర పడింది.

చూశారా, ఆరేళ్ళు గుడ్డివాడిగా ఉన్నప్పుడు ఒక్క తప్పు చేయని రాజు, కళ్ళొచ్చిన పూటే గోతిలో పడ్డాడు! ఆ వచ్చినవాడు వైద్యుడూ కాదు, వాడి తలకాయా కాదు. ధూమ్రకేశుడనే మాంత్రికుడు. "రాజా, మూడో ఆకులో నీ కూతుర్ని నాకిచ్చేసినట్టు రాసుంది. వైశాఖ పున్నమి నాడు చంద్రుడు పొడవగానే పెళ్ళి" అని విరగబడి నవ్వి, సౌగంధిని పొగలో చుట్టేసి ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

పెద్దకొడుకు జయసేనుడు కత్తి దూసి, గాలిగుర్రం ఎక్కి వెళ్ళాడు. గుర్రం తిరిగొచ్చింది, అతను రాలేదు. రెండోకొడుకు శూరసేనుడు ఈటె పట్టుకుని, ఇంకో గాలిగుర్రం ఎక్కి వెళ్ళాడు. గుర్రం తిరిగొచ్చింది, అతనూ రాలేదు.

అప్పుడు షాఫాను లేచి నిలబడ్డాడు. "ఏలినవారు సెలవిస్తే నేను వెళ్తాను. ఆ రోజు నోరు మూసుకున్నది నేను. ఆ తప్పు నాది" అన్నాడు.

సేనాపతి పకపకా నవ్వాడు. "పులులు పోయి రాలేదు, పొట్టికుందేలు వెళ్తుందట!"

"పులిని కాను కాబట్టే పోట్లాడను సేనాపతిగారూ. ఎక్కడ సందు దొరుకుతుందో చూస్తాను" అన్నాడు షాఫాను. తాటాకు మీద రాసే గంటం చెవి సందున దోపుకుని, పంచె కొంగున అటుకులు మూటకట్టుకుని, గాలిగుర్రం స్వారీ రాదు గనక కాలినడకన బయల్దేరాడు. అంతే సామాను. మీరైతే బుట్టెడు జంతికలు లేకుండా గుమ్మం దాటరు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు, కాలికి వల చుట్టుకుని గిలగిల్లాడుతోంది. షాఫాను కూర్చుని గంటం మొనతో పోగు తర్వాత పోగు తెంపాడు. మధ్యాహ్నందాకా పట్టింది. విసుక్కోలేదు. తాబేలు కాలు విదిలించుకుని, "నా వీపెక్కు నాయనా, ఎక్కడికంటే అక్కడికి దింపుతాను" అంది.

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు కాస్త అటూ ఇటూ తూలింది. నేతి సముద్రంలో జర్రున జారుకుంటూ పోయారు. పెరుగు సముద్రం దగ్గర మాత్రం ఆలస్యమైంది, గడ్డపెరుగు మరి. పాల సముద్రం దాటి, మంచినీళ్ళ సముద్రం దాటి, వైశాఖ పున్నమి నాటి పొద్దున ఒక నల్లరాతి దీవి చేరారు.

షాఫాను ఒడ్డున కాలు పెట్టాడో లేదో, బండ మీంచి కీచుమని అరుపు! చూస్తే ఏముంది, పొట్టి చెవులు, తోక లేదు. షాఫానుకి నవ్వొచ్చింది. "భయపడకు. నీ పేరూ నా పేరూ ఒకటే" అని అటుకులు గుప్పెడు చాపాడు.

ఆ పొట్టికుందేలు తిని, మూతి తుడుచుకుని, "మనిషికి మా పేరు పెట్టుకున్నారా? ఎంత మర్యాదస్థులయ్యా మీవాళ్ళు!" అని పొంగిపోయింది. "మా బతుకేం చెప్పమంటావు? ఆ ధూమ్రకేశుడి డేగలు రోజుకొకర్ని ఎత్తుకుపోతున్నాయి. అదిగో, ఆ కోట గుమ్మం దగ్గర రెండు రాతిబొమ్మలున్నాయే, అవి మీ రాజకుమారులే."

షాఫాను ఆ బొమ్మల్ని తేరిపార చూశాడు. అయినా గుమ్మంలోకి నడిచాడు. పొట్టికుందేలు బండచాటున చెవులు రిక్కించి కూర్చుంది.

లోపల సౌగంధి గాజు గదిలో ఉంది. షాఫానుని చూసి, "రాయసంగారూ, మీరా!" అంది.

ధూమ్రకేశుడు పీట మీద కూర్చున్నాడు. ముందర మూడువందల తాటాకుల కట్ట. "రాజకుమారి కావాలా? దీని మీద చేవ్రాలు చెయ్యి. ఇందులో ఉన్నట్టు నడుచుకుంటే తీసుకుపో. నీ ముందొచ్చినవాళ్ళు ఇంత ఆలోచించలేదు, చటుక్కున గీకేశారు" అన్నాడు.

"చదివి చేస్తాను" అన్నాడు షాఫాను.

"మొత్తమా?"

"మొత్తమే."

బాసిపట్టు వేసుకుని కూర్చుని, గొంతు సవరించుకుని, బిగ్గరగా మొదలుపెట్టాడు. మొదటి ఆకులో ఏముందో తెలుసా? 'ఈ రాత చదువుతున్నంతసేపూ రాసినవాడు పీట మీంచి లేవరాదు, చదివేవాణ్ణి ముట్టుకోరాదు. చదవడం ఆగిన క్షణాన ఈ కట్టు తీరిపోవును' అని ఉంది. రెండో ఆకులో 'చేవ్రాలు చేసినవాడు ఆ క్షణమే రాయి అగును' అని ఉంది. రెండో ఆకు, పిల్లలూ! మూడువందల ఆకులు కూడా కాదు. రెండు తిరగేసి ఉంటే ఆ అన్నదమ్ములు బతికిపోయేవాళ్ళు కదా!

మూడో ఆకులో 'మాయరాత ఫలించాలంటే రాసినవాడు తన ప్రాణమెక్కడున్నదో ఇందులోనే నిజంగా రాయవలెను' అని ఉంది. ఎక్కడ రాశాడో చెప్పలేదు. అంటే మొత్తం చదవాల్సిందే. ధూమ్రకేశుడికి వెయ్యేళ్ళుగా ధీమా, ఈ సోదంతా ఎవడు చదువుతాడులే అని.

నాలుగు నుంచి తొంభై దాకా వాడి మీసాల మీద పొగడ్తలే. షాఫాను అదీ వదల్లేదు. చివరికి మాంత్రికుడికే సిగ్గేసింది.

పొద్దెక్కింది. ధూమ్రకేశుడు కూర్చున్నచోటి నుంచే మంత్రం వేశాడు. పులిహోర, బూరెలు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, వేడివేడి వాసనలతో ఎదుట ప్రత్యక్షమయ్యాయి. షాఫాను కడుపు కాలిపోతోంది. నూరో ఆకు తిప్పాడు, చదువుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నమైంది. ఇంకో మంత్రం వేశాడు. సుడిగాలి లేచింది, ఆకులు పటపటా కొట్టుకున్నాయి. షాఫాను మోకాలితో కట్ట అదిమిపెట్టి, వరుస మీద వేలు పెట్టి, గాలి కంటే పెద్దగా చదివాడు. గొంతు బొంగురుపోయింది. రెండువందల ఆకులు దాటాయి.

పొద్దు వాలుతోంది. అప్పుడు మూడో మంత్రం వేశాడు. వెనకనుంచి అచ్చం ఉదయకేతుడి గొంతు వినపడింది. "చాల్లేవయ్యా షాఫానూ, ఎందుకొచ్చిన చదువు? చేవ్రాలు చేసి రా. నేను చెప్తున్నాను!"

అయ్యో, ఇదీ అసలు కష్టం! ఆకలికి ఓర్చుకోవచ్చు, గాలికి ఓర్చుకోవచ్చు. రాజు మాట జవదాటడం రాయసగాడికి తేలికా? షాఫాను వరుస మీద వేలు తియ్యకుండా, నోరు ఆపకుండా, కళ్ళెత్తి గాజు గదిలో సౌగంధిని చూశాడు. ఆమె గాజుకి చేతులు ఆనించి నిలబడి ఉంది. మళ్ళీ కళ్ళు దించి చదువుతూనే ఉన్నాడు. ఈసారి నోరు మూసుకోలేదు.

రెండువందల ఎనభై రెండో ఆకు. 'నా ప్రాణము కోట వెనక నల్లబండలో, రెండు జానల సందులో, ఇనుప పంజరంలోని చిలకయందున్నది' అని బిగ్గరగా చదివాడు.

బండచాటున పొట్టికుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండు జానల సందంటే దానికి రాజవీధి. కీచుమని అరిచింది. చుట్టాలు పక్కాలు, పిల్లాజెల్లా నలభై కుందేళ్ళు కోట వెనక్కి పరుగు తీశాయి.

ధూమ్రకేశుడి మొహం పాలిపోయింది. లేవబోయాడు, పీట వదల్లేదు. లేవాలంటే చదవడం ఆగాలి. "నీకు దణ్ణం పెడతాను, ఇక ఆపు!" అన్నాడు.

షాఫాను ఆపుతాడా? కానీ ఆకులు అయిపోతున్నాయి. పది మిగిలాయి. ఐదు మిగిలాయి. ఒక్కటి మిగిలింది. తూర్పున ఆకాశం తెల్లబడుతోంది, చంద్రుడు పొడవబోతున్నాడు. షాఫాను ఒక్కో మాటా విరిచి, ఒక్కో అక్షరమూ సాగదీసి చదువుతున్నాడు. మిగిలింది ఒక్క వరుస. ఒక్క మాట.

గడగడమని గుమ్మంలో ఇనుప చప్పుడు. నలభై పొట్టికుందేళ్ళు పంజరాన్ని తోసుకుంటూ, ఈడ్చుకుంటూ లోపలికొచ్చాయి. షాఫాను చివరి మాట చదివాడు. ధూమ్రకేశుడు పీట మీంచి లంఘించాడు. షాఫాను గంటం పంజరం గడియలో పెట్టి తిప్పాడు.

చిలకని ఏం చేశాడనుకుంటున్నారు? మెడ విరిచాడనా? ఛీ, ఛీ. వెయ్యేళ్ళు చీకట్లో పడి ఉన్న పిట్ట అది. తలుపు తీశాడు, అంతే. చిలక రెక్కలు విదిలించుకుని ఆకాశంలోకి ఎగిరిపోయింది. దాంతోపాటే ధూమ్రకేశుడి ప్రాణమూ ఎగిరిపోయింది. గాజు గది భళ్ళున పగిలింది. గుమ్మం దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు.

నలుగురూ తాబేలెక్కి ఇల్లు చేరారు. ఉదయకేతుడు పిల్లల్ని కావలించుకున్నాడు. సభంతా లేచి షాఫానుకి చేతులు జోడించింది, సేనాపతి అందరికంటే ముందు. రాజు సంతోషం పట్టలేక, "రాయవయ్యా! అర్ధరాజ్యమూ నీదే, నా కూతురూ నీదే. రాయి, ముద్ర వేస్తాను" అన్నాడు.

షాఫాను గంటం కింద పెట్టేశాడు. "అమ్మాయిగారిని అడిగారా ప్రభూ?" అన్నాడు.

ఎవరూ అడగలేదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

సౌగంధి ముందుకొచ్చింది. "నాన్నగారూ, నన్నొకడికి ఇచ్చిందీ రాతే, ఇప్పుడు ఇస్తానంటున్నదీ రాతే. ఆ రాతల్లో ఏముందో నాకు తెలియదు, నాకు అక్షరం రాదు. రాయసంగారూ, ముందు నాకు చదువు చెప్పండి. తర్వాత సంగతి తర్వాత" అంది.

షాఫాను అలాగేనన్నాడు. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. వానలు వచ్చాయి, చలి వచ్చింది, మామిడి పూత వచ్చింది. ఆయన పెళ్ళి మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. సభలోవాళ్ళే ఉండబట్టలేక గోళ్ళు కొరుక్కున్నారు.

ఏడాది తిరిగిన రోజు సౌగంధి తాటాకు పట్టుకుని నిండు సభలోకి వచ్చింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఎవరి చేతికీ ఇవ్వలేదు, తనే బిగ్గరగా చదివింది.

"షాఫానుని నేను పెళ్ళాడతాను. నన్నెవరూ ఇవ్వలేదు. ఇది నేనే రాశాను."

పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మూడువందల ఆకులు చదివిన ఆ మహానుభావుడికి, ఆ రెండు వరుసలు విన్నాక నోట మాట రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ తల ఊపాడు, అంతే.

పెళ్ళి ఐదు రోజులు చేశారు. అర్ధరాజ్యాన్ని ఇద్దరూ కలిసి అరవై ఏళ్ళు ఏలారు, ఒక్కరోజు కూడా ఎవరి ఉసురూ పోసుకోలేదు. కథ తాబేలెక్కి వెళ్ళిపోయింది, మీరు లేచి కాళ్ళు కడుక్కుని అన్నాలకి రండి.