పిలుపుకనుమ రాతిగొర్రె

పూర్వం తెల్లవాగుకు ఎగువనున్న కొండసీమలో, భార్య గతించి సంతానం లేక ఒంటరిగా కాలం వెళ్లదీస్తున్న ఐలయ్య అనే గొర్రెలకాపరికి, మహాక్షామం దేశాన్ని దహించిన ఒక ఏడు, కొండకనుమలో గొంగడిలో చుట్టిన ఆడశిశువూ, ఆ శిశువుకు పొదుగందిస్తూ పక్కనే పడుకున్న పాడిగొర్రే కంటబడ్డాయి. కన్నవారెవరో ఆకలికి ఓడి బిడ్డను విడిచినా పాలకు మాత్రం లోటు చేయలేదు. ఆ తల్లి మనసు ఎంత కోతపడిందో భగవంతుడికే తెలియాలి! ఐలయ్య ఆ పసికందును గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చి, ఓదెవ్వ అని పేరుపెట్టి, కంటికి రెప్పలా పెంచాడు.

అయితే ఆ పుణ్యాత్ముడు ఒక్క పొరపాటు చేశాడు. కాపరులు ఏ ఇంటి గొర్రెలకు ఆ ఇంటి గుర్తుగా చెవి అంచున కత్తితో గంటు పెడతారు. మందలో కొత్తగా చేరిన జీవానికి ఆ పొద్దే గంటు పెట్టడం వారి ఆచారం. ఐలయ్య ఇంటి గుర్తు చెవి కొసను అడ్డంగా కోసివేయడం. అలవాటుపడిన చేయి, బిడ్డతోపాటు తోలుకొచ్చిన పాడిగొర్రె చెవిమీదా ఆలోచన లేకుండా కత్తి ఆడించింది. కన్నవారి జాడ తెలిపే గుర్తు ఆ కొసతోపాటే మట్టిలో కలిసిపోయింది.

ఎదిగి సంగతి తెలుసుకున్న నాటినుంచి ఓదెవ్వకు అన్నం సయించలేదు. "నన్ను కన్నోళ్లెవరు నాయినా?" అని అడిగితే ఐలయ్య తల దించుకుని, "ఆనవాలు ఈ చేతులతోనే కోసేస్తి బిడ్డా. గొర్రెను తోలుకొని కనుమకాడికి పో. ఏటా మందలన్నీ ఆ తొవ్వనే పోతయి" అన్నాడు. ఆమె వెళ్లి, మేతకు తరలిపోయే ప్రతి మందనూ ఆపి అడిగింది. వాళ్లు చెవి చూసి, "ఇది ఐలయ్య గొర్రె గద! మమ్ముల అడుగుతవేంది పిల్లా?" అని నవ్వి సాగిపోయేవారు. దుమ్ము అణిగాక ఆమె, ఆ గొర్రె తప్ప కనుమలో మరో ప్రాణి ఉండేది కాదు. అలా ఏళ్లు గడిచాయి. గొర్రె తన ఆయుష్షు మించి బతికిందంటే అది దైవసంకల్పం కాక మరేమిటి!

ఒకనాడు ఓదెవ్వ నీళ్లకని చెలమకు దిగిన సమయాన, చూపులేని ముసలవ్వ ఒకతె తనవాళ్ల మందతో కనుమ దాటుతూ, జీవాలను అదలించడానికి గొంతెత్తి కూత పెట్టింది. లేవలేని గొర్రె ఆ కూతకు దిగ్గున లేచి, తడబడుతూ పోయి ఆమె కాళ్లకు తల రాసింది. అవ్వ దాని చెవి తడిమి, "నా పాలెండిన కరువుల బిడ్డకు తోడుంచిన గొర్రె అనుకుంటి. దానికి చెవికొసకు రెండు గంట్లుండె. దీనికి కొసే లేదు. నాది గాదు" అని కళ్లు తుడుచుకుని సాగిపోయింది.

వెనుకనే వస్తూ ఇదంతా చూసిన మరో మందవాళ్లు ఈ మాట చెప్పగానే ఓదెవ్వ కడవ విసిరేసి పరుగెత్తింది. అయ్యో, అప్పటికే ఆ మంద తెల్లవాగు దాటింది, ఆ వెంటనే ఎగువనుంచి వరద వచ్చి వాగు ఒడ్డులొరసి పారుతోంది! "అవ్వా! నేను నీ బిడ్డనే!" అని గొంతు పగిలేలా అరిచినా, ఆ కేక వరద హోరులో మునిగిపోయింది. తిరిగివచ్చి చూస్తే గొర్రె వాగువైపు ముఖంపెట్టి శిలయై ఉంది. ఆ శిల చెవికి కొస మళ్లీ మొలిచింది. కొసన రెండు గంట్లు! తన ఇంటి గుర్తును ఓదెవ్వ చూడటం అదే మొదలు. వరద తీశాక ఊరూరా వెతికినా ఆ మంద జాడ దొరకలేదు. చివరకు కనుమకే వచ్చి, ఆ రాతిచెవి తడుముతూ, వచ్చే మందలకు ఎదురుచూస్తూ, బతికినంతకాలం అక్కడే ఉండిపోయింది.

ఆమె కూర్చున్న చోట వెలిసినదే పిలుపుకనుమలోని ఓదెవ్వ గుడి. నేటికీ ఆ సీమలో దారితప్పి మందలో చేరిన గొర్రెకు చెవి కోయరు, ఎర్రమట్టితో జాజుబొట్టు పెట్టి ఊరుకుంటారు. కనుమ దాటే ప్రతి మందవారూ గుడిముందు తమ ఇంటి కూత పెట్టి, ముందు నడిచే గొర్రె చెవిని ఆ రాతిచెవి పక్కన ఉంచి చూస్తారు. ఇంతవరకు ఏ గంటూ దానితో సరిపోలేదు. అయినా ఆమెను ఊరికే విడిచి ఎవరూ పోరు. "మేము గాదవ్వా, ఎనకొస్తున్నరు" అని చెప్పి మరీ కదులుతారు.