అబ్బులు ఇంటికి వచ్చిన అడగని ఫ్రిజ్జు

తాబేటిలంకలో తెలివి అనే మాట ఎవరి నోట వచ్చినా, అబ్బులు ఇంట్లోవాళ్ళు నలుగురూ ఒక్కసారి గొంతు సవరించుకునేవారు, మా సంగతేగా మాట్లాడుతున్నారు అన్నట్టు. ఊళ్ళో అందరి గొడుగులూ ఏడాది తిరక్కుండా చిరిగిపోతాయి. వీళ్ళింటి గొడుగు మాత్రం తాత కొన్నది, ఇప్పటికీ కొత్తదే. వాన మొదలైతే చాలు, అది తడవకుండా చంకలో దాచుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చేవారు. "వస్తువంటే అలా చూసుకోవాలండి. దానికీ తెలివుండాలి," అనేవాడు అబ్బులు, తల తుడుచుకుంటూ.

ఆ ఇల్లూ తాత కట్టిందే. మట్టి గోడలు, బంగాళా పెంకులు, నడుమ తాడి దూలం. మూడు తుఫాన్లు చూసింది, ఒక్క పెంకు జారలేదు. అబ్బులుకి ఆ ఇల్లంటే ప్రాణం. పొద్దున్నే లేచి ముందు గోడకి దణ్ణం పెట్టుకుని, ఆ తరవాతే మొహం కడుక్కునేవాడు.

రోట్లో పిండి రుబ్బీ రుబ్బీ భుజం లాగేస్తోందని పెళ్ళాం నూకరత్నం మొత్తుకుంటే, అబ్బులు టౌన్లో కొట్టుకి ఫోను చేసి గ్రైండరు ఒకటి పంపమన్నాడు. మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. ఇద్దరు మనుషులు నిలువెత్తు అట్టపెట్టె దింపి, వీధి గుమ్మంలోకి తోసి, "పేరు మీదేనండి," అని చక్కా పోయారు. పెట్టె గుమ్మానికి బిరడా కొట్టినట్టు సరిపోయింది. నూకరత్నం లోపల ఉండిపోయింది. అబ్బులు, తల్లి వెంకాయమ్మ, తమ్ముడు దొరబాబు అరుగు మీద ఉండిపోయారు.

పెట్టె మీద ఫ్రిజ్జు బొమ్మ ఉంది.

"అన్నయ్యా, ఇందులో పిండి ఎక్కడ పోస్తారంటావ్?" అన్నాడు దొరబాబు.

"ఇది గ్రైండరు కాదురా. మనం అడగనిది వచ్చింది," అన్నాడు అబ్బులు. వాడి భయం ఒకటే. రేపు కొట్టువాడు వచ్చి, మా వస్తువు వాడేసుకున్నారు అంటే తాత పేరేం కావాలి?

ఎదురింట్లో కామేశ్వరమ్మగారు ఉంటారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, కాయితాల సంగతి బాగా తెలిసినావిడ. కూతురి ఊరికి బయల్దేరుతూ, బస్సు వేళైపోతుంటే వీధిలోంచే నాలుగు ముక్కలు చెప్పారు.

"కంగారేం లేదు అబ్బులూ. అడగనిది వస్తే విప్పకూడదు. వాడకూడదు. వాళ్ళొచ్చి తీసుకెళ్ళేదాకా కదపకుండా జాగ్రత్తగా ఉంచాలి. ఇది మాది కాదు, వచ్చి పట్టుకెళ్ళండి అని కొట్టుకి ఉత్తరం రాయండి. అంతే."

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైన మాట. మంచి మాట చెప్పేముందు వినేవాడి మొహం కూడా ఒకసారి చూసుకోవాలి. బస్సు తొందరలో ఆవిడ అదొక్కటే మర్చిపోయారు.

దొరబాబు అప్పటికప్పుడే ఉత్తరం రాసేశాడు. చక్కగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాయమన్నారు, రాశాడు. అంతే. డబ్బాలో వెయ్యమని ఆవిడ అనలేదు కదా.

కాసేపటికి ఎండ చురుక్కుమంది. పెట్టె నీడ అరుగు మీద పడితే, వెంకాయమ్మ అందులోకి చాప లాక్కుని కూర్చుంది. అబ్బులు చూసి లబలబలాడాడు.

"అమ్మా, లేలే. కొట్టువాడి నీడ వాడేస్తున్నావు."

"అయ్యో, చూసుకోలేదురా నాయనా," అని ముసలమ్మ లెంపలేసుకుని ఎండలోకి జరిగింది. పొద్దు కదిలిన కొద్దీ నీడా కదిలింది. నీడ కదిలిన కొద్దీ ముగ్గురూ చాప పట్టుకుని ఎండలోకి, ఇంకా ఎండలోకి జరిగారు. ఇంతలో కాకి ఒకటి వచ్చి పెట్టె మీద వాలింది. మన అరుగు మీది కాకి కాబట్టి అది వాడినా మనం వాడినట్టేనని, దొరబాబు దాన్ని తోలుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం లోపల్నించి నూకరత్నం కేకేసింది. "ఏవయ్యా, అన్నం ఉడికింది. లోపలికి ఎలా వస్తారు?"

"దొడ్డి గుమ్మం ఉంది కదా అన్నయ్యా," అన్నాడు దొరబాబు. ఆ ఇంట్లో పుట్టిన తెలివైన మాట అదొక్కటే. దాన్నీ పుట్టగానే చంపేశాడు అబ్బులు.

"సొంత ఇంట్లోకి దొడ్డిదారిన వెళ్ళేవాణ్ణి ఊళ్ళో ఏమంటారో తెలుసా? దొంగంటారు. పలుగు పట్రా."

ఇంకేముంది, గుమ్మం పక్కన గోడకి కన్నం పెట్టారు. దొంగల్లా కాకుండా, పట్టపగలు, దర్జాగా. మూడు తుఫాన్లకి చెక్కుచెదరని గోడ గంటలో గుల్లైపోయింది. ముగ్గురూ అందులోంచి తలెత్తుకుని లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, విస్తళ్ళ ముందు కూర్చున్నారు.

మొదటి ముద్ద నోట్లో పెట్టారో లేదో, పైన దూలం కిర్రుమంది. ఆనుకోడానికి గోడ లేక మెల్లగా ఒరిగి, గుమ్మం పైచెక్క విరుచుకుని వచ్చి, పెట్టె నెత్తిన కూర్చుంది. కప్పు పడలేదు. పెట్టె మోస్తోంది.

"అమ్మయ్య, పెట్టె ఉంది కాబట్టి బతికిపోయాం," అంది వెంకాయమ్మ.

ఆ మాట వినగానే అబ్బులు చేతిలో ముద్ద జారిపోయింది. "అదేనే అమ్మా, కొంప ములిగింది. మన కప్పుకి స్తంభంలా కొట్టువాడి పెట్టెని వాడేస్తున్నాం."

"అయితే పెట్టె పక్కకి జరిపేద్దామా?" అంది నూకరత్నం.

"కదపొద్దన్నారు కదే."

"మరేం చేస్తాం?"

అబ్బులు పైకి చూశాడు. తాత ఎక్కించిన పెంకులు, తాత నిలబెట్టిన దూలం. వాడికి నిజంగానే ఏడుపొచ్చింది. కానీ ఒకళ్ళ సొత్తు వాడుకునే వంశం కాదు మాది అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని నిచ్చెన తెమ్మన్నాడు.

అంతే. పొద్దుగూకేలోపు పెంకులన్నీ దించేశారు. మర్నాడు వాసాలు దించారు. ఆ మర్నాడు దూలం దించారు. ఊరంతా వచ్చి రోడ్డు మీద నిలబడి చూసింది. ఇల్లెందుకు పీకుతున్నారని ఎవరో అడిగితే, "కొట్టువాడి ఫ్రిజ్జు వాడకుండా ఉండటానికండి," అన్నాడు అబ్బులు. వాళ్ళు పక్కకెళ్ళి కడుపు పట్టుకుని నవ్వారు. ఒక్కడికైనా లోపలికొచ్చి ఆపుదామని బుద్ధి పుట్టలేదు. ఊరికే వచ్చిన వేడుక ఎవరు ఆపుకుంటారు?

నాలుగో రోజు ఆకాశం నల్లబడి జల్లు మొదలైంది. పెట్టె మీద "తడి తగలనీయరాదు" అని రాసి ఉంది. నూకరత్నం బొంతలు కప్పింది, వెంకాయమ్మ చీరలు కప్పింది, దొరబాబు చొక్కా విప్పి కప్పాడు.

"గొడుగు కూడా వేద్దామా?" అంది నూకరత్నం.

"గొడుగు తడిసిపోదూ? కాస్త ఆలోచించి మాట్లాడు," అని అబ్బులు కసిరాడు.

జల్లు వెలిసేసరికి కామేశ్వరమ్మగారు బస్సు దిగి వచ్చారు. ఎదురిల్లు ఉండాల్సిన చోట, మొండి గోడల నడుమ బొంతలు కప్పుకున్న పెట్టె ఒక్కటే నిలబడి ఉంది. ఆవిడ చేతిలో సంచి అక్కడే దింపేశారు.

"కొట్టుకి ఉత్తరం రాయలేదట్రా?"

"ఎందుకు రాయలేదండి," అని దొరబాబు తడిసిందని చెట్టుకొమ్మకి ఆరేసిన లాగూ జేబులోంచి తీసి చూపించాడు.

ఆవిడ నెత్తి కొట్టుకుని, తనే కొట్టుకి ఫోను చేశారు. గంటలో గుమాస్తా ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. పొరపాటైపోయిందని గ్రైండరు దింపి, ఫ్రిజ్జు ఎక్కించుకున్నాడు.

"చూసుకోండి. విప్పలేదు, కదపలేదు, ఒక్క వేలు ఆనించి వాడలేదు," అన్నాడు అబ్బులు, మీసం మీద చెయ్యేసి.

గుమాస్తా మొండి గోడల వంక చూశాడు. "తెలుస్తోందండి," అన్నాడు. పాపం, మనసున్న మనిషి. ఆటోలో ఉన్న పెద్ద టార్పాలిన్ పట్టా తీసి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నలుగురూ పట్టా చుట్టూ చేరారు.

"ఇది మనం అడిగామా?" అన్నాడు అబ్బులు.

"అడగలేదు," అన్నారు ముగ్గురూ.

అంతలో వాన మళ్ళీ అందుకుంది. ఈసారి జల్లు కాదు, కుండపోత. కామేశ్వరమ్మగారు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చారు.

"పట్టా కప్పుకోండయ్యా అబ్బులూ, మీ అమ్మ వణికిపోతోంది."

"అడగనిది వాడొద్దని మీరే చెప్పేరు కదండీ."

"అయితే అడగవయ్యా. వాణ్ణి ఇప్పుడే ఫోన్లో అడుగు."

"ఇప్పుడు అడిగినా, ఇది అడక్కముందు వచ్చిందే కదండీ," అన్నాడు అబ్బులు, ఆవిడ తెలివికి జాలిపడుతూ.

 ఈ ఇంటికి సలహా చెప్పిన పాపం ఇదొక్కటి చాలనుకుని ఆవిడ వెనక్కి తిరిగారు.

నూకరత్నం పట్టాకి ఉన్న బొంతలన్నీ చుట్టింది. వెంకాయమ్మ వణుకుతూనే తన కొంగు కూడా కప్పింది. దొరబాబు రెండో ఉత్తరం రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. గ్రైండరు మాత్రం వానలో తడిసి ముద్దయింది. అది సొంతదే కనక ఎవరూ పట్టించుకోలేదు. నలుగురూ వీపులు ఆకాశానికి ఒగ్గి, తెల్లారేదాకా పట్టా మీద వంగి నిలబడ్డారు. దాని మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. అబ్బులు చంకలో ఉన్న గొడుగు మీద కూడా పడలేదు.