స్వయంగా సేకరించినది

భీమేశ్వరాచారి మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. ఫలానా గ్రంథం మొదటి ముద్రణనీ మూడో ముద్రణనీ పక్కపక్కన పెట్టుకుని చదవమంటారు. లేదా ఫలానా ఊరికి వెళ్ళి ఫలానా మనిషిని పలకరించి రమ్మంటారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్ళకి తమ ప్రశ్న మీదే విసుగు పుడుతుంది. తెలుగు శాఖలో ఆయన దగ్గర పిహెచ్.డి.కి చేరడమంటే తలనొప్పిని కొని తెచ్చుకోవడమేనని సీనియర్లు చెప్పుకునేవారు. అయినా దమయంతి ఆయన దగ్గరే చేరింది. చేరి ఆరేళ్ళయింది.

ఆరేళ్ళంటే విశ్వవిద్యాలయం ఓపిక కూడా అయిపోయిందన్నమాట. గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించేది లేదని ఉత్తరం పంపారు. ఇరవయ్యో తారీఖు లోపల సిద్ధాంత గ్రంథం ఇవ్వాలి, ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇవతల చూస్తే వీధిలో వాళ్ళు అప్పుడే ఆమెను డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టేశారు. మొదట్లో వద్దని మొత్తుకునేది గాని, ఈ మధ్య ఊరుకుంటోంది.

ఆమె విషయం ఉత్తర కోస్తా శ్రామికుల పాటలు. వలలు లాగేవాళ్ళ పాటల కోసం తీరమంతా తిరిగింది, నాట్ల పాటల కోసం మోకాలి లోతు బురదలో నిలబడింది. ఒక్క ఉప్పు మడుల పాట దగ్గరే తిరగలేదు. ఆ పాట అంతకుముందే ఇద్దరు పరిశోధకుల గ్రంథాల్లో ఉంది. ఇద్దరూ మడులపేటలో బుడగట్ల అప్పాయమ్మ అనే ఆవిడ దగ్గరే విన్నామన్నారు. పొల్లు పోకుండా ఒకేలా రాశారు. దమయంతి కూడా అలాగే రాసుకుని, అడుగున 'స్వయంగా సేకరించినది' అని చేర్చింది. మన సిద్ధాంత గ్రంథాల్లో ఈ మాట శుభలేఖ చివర 'ఇట్లు' లాంటిది. ఎవరూ చదవరు, రాయడం మాత్రం మానరు.

పాట చివర నాలుగు పాదాలున్నాయి.

*ఎంత ఏడ్చానమ్మ ఈ గట్టు మీద,*
*నా కంటి నీరే కడలిలో కలిసె.*
*ఎన్ని ఏళ్ళేడ్చెనో ఇచ్చోటి ఆడది,*
*కడలి నీటికి ఇంత ఉప్పెక్కడిది?*

వీటిని మొదటిసారి చదివినప్పుడు దమయంతికి కళ్ళు చెమర్చాయి. ఆ పాదాల మీద పన్నెండు పేజీలు రాసింది. ఆ స్త్రీలు పనినే దైవంగా కొలిచారనీ, ఉప్పు పంట కరిగిపోకుండా పాట మొదట్లో వానను రావద్దని వేడుకున్నారనీ, తమ దుఃఖాన్ని మాత్రం సముద్రానికి చెప్పుకున్నారనీ తేల్చింది. ఆరేళ్ళలో తను రాసినవాటిలో అవే బాగున్నాయని ఆమెకు లోలోపల గర్వం కూడా ఉంది.

ఆ అధ్యాయాన్ని మాస్టారు నాలుగు రోజులు దగ్గర ఉంచుకున్నారు. ఎప్పుడూ ఒక్కరోజులో తిరిగిచ్చే మనిషి. ఇచ్చినప్పుడు చూస్తే ఎర్ర సిరా గీత ఒక్కటి కూడా లేదు. 'స్వయంగా సేకరించినది' పక్కన మాత్రం పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు.

దమయంతికి ఒళ్ళు మండింది. తప్పు తనదైనప్పుడు మనిషికి వచ్చే కోపం మామూలు కోపం కంటే నాలుగాకులు ఎక్కువే ఉంటుంది.

"మాస్టారూ, ఇద్దరు ఒకే పాటను ఒకే మనిషి దగ్గర విని ఒకేలా రాశాక, మూడోదాన్ని నేను వెళ్ళి అడిగితే కొత్తగా ఏమొస్తుంది?" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు మడులపేట బస్సు ఎన్నింటికో కనుక్కో. నేనూ వస్తాను" అన్నారు.

ఆరేళ్ళలో ఆయన నేనూ వస్తాననడం అదే మొదలు.

బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. దమయంతి తన అధ్యాయం తిరగేస్తూ చివర ఉన్న వక్తల పట్టిక దగ్గర ఆగింది. 'బుడగట్ల అప్పాయమ్మ, వయస్సు 52, మడులపేట.' మొదటి గ్రంథం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. రెండోది వచ్చి తొమ్మిదేళ్ళు. రెండింటిలోనూ యాభై రెండే. తన గ్రంథంలోనూ యాభై రెండే. ఆ లెక్క బస్సెక్కి కూర్చున్నాక గాని తట్టలేదు. అసలావిడ బతికుందో లేదో కూడా తనకు తెలియదు. ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

అప్పాయమ్మ బతికే ఉంది. ఎనభై దాటిన మనిషి. మడుల గట్టుకి ఆనుకున్న ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అరికాళ్ళు నెర్రెలు విచ్చి తెల్లగా ఉన్నాయి. ఇంటి ముందు ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. వచ్చినవాళ్ళను ఆవిడ పేరైనా అడక్కుండానే కూర్చోమంది. దమయంతి తను పాటల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పి, ఆవిడ పేరున్న పేజీ చదివి వినిపించింది.

"ఏభైరెండా!" అని అప్పాయమ్మ పకపకా నవ్వింది. "నా పెద్దకొడుక్కే ఏభైరెండు దాటిపోనాయి. సర్లే, బాగానే ఉంది. అయితే నా పాట పుస్తకంలో రాసినావేటమ్మా?"

"రాశాను మామ్మా."

"నా కాడే ఇన్నావని రాసినావా?"

దమయంతి చేతిలోని పేజీ వైపు చూసింది. "అలాగే రాశాను" అంది.

అప్పాయమ్మ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. "ఎప్పుడొచ్చినావమ్మా? నాకు గురుతు రాటం నేదు. ముసిల్దాన్నయిపోనాను గదా, ఒచ్చినోల్ల మొకాలు మర్సిపోతన్నాను. ఏటీ అనుకోకు తల్లీ" అంది.

ఆ మాటతో దమయంతికి తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడింది తనైతే, క్షమాపణ అడుగుతున్నది ఆవిడ. పర్వాలేదు మామ్మా అని ఒక్క మాట అంటే చాలు, ముసలావిడ నమ్ముతుంది, మాస్టారూ ఏమీ అనరు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అది వచ్చినందుకు మరింత సిగ్గేసింది. తను తలెత్తి చూసేసరికి మాస్టారు గట్టు వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"నీ మతిమరుపు కాదు మామ్మా. నేను రాలేదు. ఎవరో రాసింది చూసి రాశాను" అంది.

అప్పాయమ్మకు కోపం రాలేదు. హమ్మయ్య అన్నట్టు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అదా! నాకు మతి పోనాదేటని బయపడిపోనాను. సర్లే, ఏటి రాసినావో సదువు."

దమయంతి చదివింది. *రాకు రాకే మబ్బా మా మడిలోకి, తెల్లగా పండింది తీసుకోనీవే* అన్నచోట ఆవిడ చాపిన కాళ్ళనే లయగా కదిపింది. ఆడవాళ్ళు వరుసగా నిలబడి మడి నేలను గట్టిపడేదాకా కాళ్ళతో తొక్కుతూ పాడే పాట అది. చివరి నాలుగు పాదాలకు వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"మా ఏడుపుతోని సంద్రానికి ఉప్పొచ్చిందా? సంద్రం మాకిస్తాది గాని, మేవెక్కడిచ్చేమమ్మా? ఈ ముక్కలు నానెప్పుడు పాడినాను?"

దమయంతి కాగితాల వైపు చూసింది. ఆ చివరి పాదాలు లేకపోతే పన్నెండు పేజీలూ లేవు. ఉప్పు మడుల్లో పుట్టి పెరిగిన మనిషి సంద్రాన్ని కడలి అంటుందా అన్న అనుమానమైనా ఆరేళ్ళలో తనకు రాలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు రాశారన్న ధీమాతో చెవులు మూసుకుంది.

"ఆ ముక్కలు నేను కట్టానమ్మా" అన్నారు మాస్టారు.

ఆయన గట్టు దగ్గరనుంచి వచ్చి అరుగు కింద నిలబడ్డారు. చెప్పులు విడిచి ఉన్నారు. దమయంతికి మొదట ఆ మాట అర్థం కాలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళ కిందట మడుల్లో పని చేయించే మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చి మీ చేత పాడించుకున్నాను. పాట మధ్యలో ఆగిపోయింది. మిగతాది నేనే రాసుకున్నాను. ఆ ఇద్దరూ అచ్చుకాని నా గ్రంథం చూసే, నా పేరు చెప్పకుండా ఎత్తి రాశారు."

అప్పాయమ్మ ఆయన మొహంలో ఆనాటి మనిషి కోసం వెతుక్కుంది. తర్వాత మొహం విప్పారింది. "మేస్త్రి ఎనకాల నిలబడి గబగబా రాసుకున్న గుంటడివి నువ్వా! సాయంత్రం ఇంటికి రా, మిగతాది పాడతానన్నాను గదా. అంబలి కూడా కాసి ఉంచినాను. రానేదేటి?"

"బస్సు వచ్చేసిందమ్మా."

అంత పెద్ద మనిషి అంత చిన్న జవాబు చెప్పడం దమయంతి ఎప్పుడూ చూడలేదు. ఆయన వైపు చూడలేక తల దించుకుంది.

"బాగానే కట్టినావు బాబూ. ఇనడానికి బాగుంది" అంది అప్పాయమ్మ. ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అంది. "కాని నీ మాట నా నోట్లో ఎందుకెట్టినావు?"

మాస్టారు జవాబు చెప్పలేదు. ఈసారి అది అలవాటు వల్ల కాదు.

ఆవిడ గొంతు సవరించుకుంది. మేస్త్రి గట్టు మీద ఉన్నంతసేపూ వాన రావద్దని పాడేవారట. అతను వెనక్కి తిరిగి అవతలి మడికి వెళ్ళగానే మిగతాది ఎత్తుకునేవారట. మేస్త్రిని పక్కన నిలబెట్టి పాడమంటే ఆ ముక్క ఎలగ పాడతామని అడిగి, కాళ్ళు కదుపుతూ పాడింది.

*మేస్త్రి మళ్ళినాడే, మబ్బా రావే,*
*మోకాలి లోతు కురిసి పోవే.*
*పుళ్ళ పాదాలు ఒక పూట ఆరాలి,*
*పొయ్యికాడ కూకుని కునుకు తియ్యాలి.*

"వాన పడితే పని పోయేది కదా మామ్మా?" అంది దమయంతి.

"పోతే పోనాది. కాళ్ళుండాల గదా ముందర!"

దమయంతి రాసుకుంది. ఒక్కొక్క మాటా తిరిగి చదివి, అవునా మామ్మా అని అడిగి మరీ రాసుకుంది. ఎప్పుడు పుట్టావని అడిగితే ఆవిడ ఏదో పెద్ద తుఫాను వచ్చిన ఏడని చెప్పింది. అదీ రాసుకుంది. ఒక పూట వాన కోసం ఆ ఆడవాళ్ళు అంతగా ఆశపడితే, తను వాళ్ళను పనికి దండం పెట్టే భక్తురాళ్ళను చేసింది. మేస్త్రి ఏం వినాలనుకున్నాడో అదే పన్నెండు పేజీలు రాసింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి తన చదువులో మరొకటి లేదనిపించింది.

తిరుగు బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. మాస్టారు రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఆయనే మొదలుపెట్టారు.

"ఆ నాలుగు పాదాలనూ పరీక్షకులు తెగ మెచ్చుకున్నారు. నాకు పతకం వచ్చింది వాటి వల్లే. తర్వాత రెండో పరిశోధకుడి గ్రంథం పరీక్షకు నా దగ్గరికే వచ్చింది. చదివాను. స్వయంగా సేకరించినది అని ఉంది. సంతకం పెట్టి పంపేశాను."

తిట్టడానికి దమయంతికి అర్హత లేదు, ఓదార్చడానికి వయసు లేదు.

"గడువు తొమ్మిది రోజులే ఉంది మాస్టారూ. ఆ పన్నెండు పేజీలూ తీసేస్తాను. అధ్యాయమంతా తిరగరాయాలి. కుదరకపోతే గ్రంథం ఇవ్వను. రద్దయితే అవనీండి" అంది. అనేశాక మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన తల ఊపారు.

"కాని ఆ నాలుగు పాదాల సంగతి రాయకుండా వదిలేస్తే, నా తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ ఎత్తి రాస్తారు. అవి పాటలోవి కావని అడుగున చెప్పాలి. చెబితే మరి ఎవరు కట్టారో కూడా..." దమయంతి ఆగిపోయింది. వచ్చే ఏడు మాస్టారి పదవీ విరమణ. శాఖలో అప్పుడే సన్మాన సంచికకు వ్యాసాలు అడుగుతున్నారు. "ఎవరో ఒక పూర్వ పరిశోధకుడు అని రాయనా మాస్టారూ? పోనీ, పొడి అక్షరాలు వేసి ఊరుకోనా?"

దూరంగా బస్సు వస్తోంది. మాస్టారు లేచి నిలబడ్డారు.

"లక్కోజు భీమేశ్వరాచారి" అన్నారు. "ఇంటిపేరు పూర్తిగా రాయి."