చెప్పకూడని సంగతుల చాటింపు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్లూ రాలిపోవాలి.

ప్రజలకు ఏయే సంగతులు చెప్పాలో తేల్చమని రాజుగారు వేసిన సభాసంఘం ముప్పైయేళ్లుగా ముసాయిదా దిద్దుతోంది. దిద్దినప్పుడల్లా చెప్పేవి తగ్గి, దాచేవి పెరిగాయి.

చాటింపు వేసే పోలయ్య నారుమడి ఎండిపోతోంది. కాలవ తూము ఎప్పుడు తెరుస్తారని అడిగితే, "అది రహస్యంరా" అన్నారు సంఘం పెద్ద విరూపాక్షరాయలు గారు.

"చిత్తం దొరా. ఏవేవి రహస్యాలో తెలియకే జనం అడిగి తమరి ప్రాణం తీస్తున్నారు. ఆ పట్టీ ఇప్పిస్తే ఊరూరా చాటేస్తాను."

రాయలుగారు మురిసిపోయి పట్టీ ఇచ్చేశారు. పోలయ్య డప్పు ఏడూళ్లకు వినబడింది.

"తూము గురువారం తెరుస్తారన్న సంగతి ఎవరూ అడగకూడదహో! నీళ్లన్నీ రాయలుగారి మామిడితోటకే మళ్లిస్తారన్నది అసలే అడగకూడదహో!"

గురువారం తెల్లారేసరికి జనమంతా పారలతో కాలవగట్టు మీదున్నారు.

నవ్వింది చాలు గానీ మనవడా, లేచి గేదెకు కుడితి పెట్టి రా.